మంచెకీ వదినకీ నడుమ

ఆమెను ఇంట్లో అందరూ పిచ్చుక అనేవారు. చిన్నప్పుడు గిన్నె కింద పడినా ఉలిక్కిపడేదని వాళ్ళన్నయ్య పెట్టిన పేరది. ఇప్పుడు నలభై నాలుగేళ్ళు. దంతవైద్యులకు కట్టుడుపళ్ళు చేసిచ్చే ల్యాబులో పద్దెనిమిదేళ్ళ అనుభవం, చేతికింద ముగ్గురు పనివాళ్ళు. అయినా ఆ పేరూ పోలేదు, ఆ ఉలికిపాటూ పోలేదు. గ్యాసు కట్టేశానో లేదో అని వీధి చివరిదాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చేది. లిఫ్టులో నలుగురుంటే మెట్లెక్కేది.

వదిన ఇందుకు పూర్తిగా ఎదురు. ఇరవై ఆరేళ్ళు బేకరీలో పొయ్యి ముందు నిలబడి పనిచేసిన మనిషి. నిలబడీ నిలబడీ కుడి మోకాలు అరిగింది. పిండి ధూళికి పొడిదగ్గు ఒకటి పట్టుకుని మరి వదల్లేదు. పని మానేసిన మర్నాడే "ఇక నేను తిరుగుతా" అంది. అన్నయ్య సంబరపడి బస్సుయాత్రల కాగితాలు గుట్టగా తెచ్చి బల్లమీద పెట్టాడు. ఆమె నాలుగు తిరగేసి పక్కకు నెట్టేసింది.

"దిగు, ఫోటో తీసుకో, ఎక్కు. ఇంతేగా? మా రొట్టెలు కూడా ఇలాగే ట్రేలో ఎక్కి ట్రేలో దిగేవి. చూసొచ్చే చోట్లు నాకొద్దు. ఒంటికి తెలిసే చోటు కావాలి."

అలాంటి యాత్రలు నడిపేవాళ్ళు కూడా ఉంటారని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. మొదటిసారి కళ్ళకు గంతలు కట్టుకుని, చెట్టునుంచి చెట్టుకు కట్టిన తాడు పట్టుకుని అడవిలో నడిచారు. రెండోసారి రెండు చెట్ల మధ్య గుడ్డ ఊయలలో తెల్లవారినప్పటినుంచి మధ్యాహ్నందాకా మాటా పలుకూ లేకుండా పడుకున్నారు. రెండుసార్లూ తోడు పిచ్చుకే. అన్నయ్య కుర్చీ దిగే రకం కాదు. "నువ్వుంటే నాకు ధైర్యంరా పిచ్చుకా. నువ్వు ఉన్నచోట ప్రమాదం ముందే కనిపెట్టేస్తావు" అని నవ్వేవాడు.

మూడోది సముద్రం మీద నడక.

సముద్రం మీదంటే నీళ్ళమీద కాదు. ఆ తీరంలో ఆటు వచ్చినప్పుడు నీళ్ళు మైళ్ళకొద్దీ వెనక్కి పోయి, అడుగున ఉన్న నేల బయటపడుతుంది. చెప్పులు విప్పి ఆ నేలమీద నడుస్తూ, నీళ్ళు తిరిగొచ్చేలోపల అవతలున్న చిన్న దీవి చేరుకోవాలి. దాదాపు మూడు గంటలు. సాయంత్రం పడవలో వెనక్కి.

"నీళ్ళు తిరిగొచ్చేలోపల చేరుకోకపోతే?" అని పిచ్చుక అడిగింది.

"అందుకేగా గైడుండేది" అంది వదిన.

ఆ ఉదయం నడకకు వచ్చింది ముగ్గురే. వీళ్ళిద్దరూ, మెడలో పెద్ద కెమెరా వేలాడేసుకున్న ఒక పెద్దమనిషి. గైడు ముప్పై ఏళ్ళ ఆవిడ, ఎండకు కమిలిన మొహం, నడుముకు వైర్‌లెస్ సెట్టు, మెడలో ఈల. ఒడ్డున ఉన్న గదిలో ఫోన్లన్నీ డబ్బాలో పెట్టించి తాళం వేసింది. అది నడకలో ఒక నియమం. తర్వాత ఒక్కో మాటా నొక్కి చెప్పింది.

"పోటు ఎదురుగా రాదు. కాలవల్లోంచి చుట్టు తిరిగి వెనకనుంచి వస్తుంది. కాబట్టి దాన్ని చూసి పరిగెత్తుదాం అనుకోకండి. ఒకేచోట నిలబడొద్దు, కాళ్ళు మారుస్తూ ఉండండి, లేకపోతే బురద పట్టేస్తుంది. ఈల ఒకసారి పొడుగ్గా ఊదితే ఎక్కడివాళ్ళు అక్కడే ఆగండి. రెండుసార్లు పొట్టిగా ఊదితే నా దగ్గరికి రండి. ఒకటి ఆగడానికి, రెండు రావడానికి. ఏం అక్కా, గుర్తుంటుందా?"

"ఈమెకు చెప్పమ్మా, ఈమె నిద్రలో కూడా మర్చిపోదు" అని వదిన పిచ్చుకను చూపించింది.

మొదటి గంట పిచ్చుక తన భయాన్ని తానే మర్చిపోయింది. పాదాల కింద నేల అడుగడుక్కీ మారేది. ఒకచోట గట్టిగా అలలు అలలుగా గడ్డకట్టిన ఇసుక, ఒకచోట వేళ్ళ సందుల్లోంచి వెచ్చగా పైకి ఉబికే నల్లటి బురద, ఒకచోట చల్లటి జిగురు. గోరంత పీతలు అడుగుల చప్పుడుకు బొక్కల్లోకి జారిపోయేవి. చెవి నేలకు దగ్గరగా పెడితే చిటపటమని సన్నటి చప్పుడు. అడుగున ఉన్న పురుగులూ గుల్లలూ గాలి వదులుతున్నాయట. వదిన రెండు చేతులతో బురద తీసి పిసికి చూసింది. "పిండి కొంచెం ఎక్కువ తడిసింది, ఇంకాసేపు ఆరాలి" అంది. పిచ్చుకకు నవ్వాగలేదు.

మధ్యదారిలో పొగమంచు వచ్చింది. ముందు దీవి మాయమైంది. తర్వాత వెనక ఒడ్డు మాయమైంది. మబ్బు దిగినట్టు కాదు, ఎవరో గది తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చినట్టుంది. గైడు ఆగి వెనక్కి తిరిగి చూసింది. వదిన ఉంది, పిచ్చుక ఉంది. కెమెరా ఆయన లేడు. కాసేపటి కింద కొంగల గుంపు కనిపిస్తే ఆగినవాడు ఆగినట్టే ఉన్నాడు.

గైడు పిలిచింది. జవాబు లేదు. మళ్ళీ పిలిస్తే ఎక్కడో దూరంగా, నొప్పిగా ఒక కేక వినిపించింది.

"మీరిద్దరూ ఇక్కడే ఉండండి. పది నిమిషాల్లో వస్తాను. ఏం జరిగినా కదలొద్దు, ఒకరినొకరు వదలొద్దు. నేను ఈలతో చెప్తాను." నాలుగడుగుల్లో ఆమె నడుము కనిపించడం మానేసింది, ఆరో అడుగుకు తల కూడా.

పది నిమిషాలు గడిచాయి. వాచీ చూసుకుంటూనే ఉంది పిచ్చుక. పదిహేనయ్యాయి. తెల్లటి చీకటి లాంటి ఆ పొగలో తన చెయ్యి చాపితే వేళ్ళు మసకబారాయి. అటూ ఇటూ ఏ చప్పుడూ లేదు. ఇందాకటి చిటపటలు కూడా ఆగిపోయాయి. ఆ సంగతి గమనించగానే ఆమె వదిన చెయ్యి పట్టుకుంది.

"వదినా, నేల చప్పుడు ఆగిపోయింది."

"ఆగనీ. కాళ్ళు మారుస్తున్నావా?"

"నువ్వు మారుస్తున్నావా?"

వదిన కిందికి చూసుకుంది. మోకాలు నొప్పెట్టి కాసేపు బరువంతా ఎడమకాలి మీద వేసి నిలబడిందట. ఇప్పుడు తీయబోతే రాలేదు. కుడికాలు కాస్త పక్కకు వేసి ఊతం తీసుకుందామని చూసింది. ఆ పక్కన నేల మరీ మెత్తన. ఎడమకాలు మోకాలు దాటి దిగిపోయింది.

పిచ్చుక చంకల కింద చేతులేసి లాగింది. వదిన భారీ మనిషి. లాగిన కొద్దీ తన పాదాలే దిగబడ్డాయి. భయపడి గబగబా పీకేసుకుంది. సరిగ్గా అప్పుడే మడమలకు చల్లగా ఏదో తగిలింది. వంగి చూసింది. నీళ్ళు. కాగితమంత పలుచగా, నురుగైనా లేకుండా, వెనకవైపునుంచి నింపాదిగా నడిచి వస్తున్నాయి.

"వచ్చేసింది వదినా."

"చూశా."

అయిదు నిమిషాల్లో చీలమండలు మునిగాయి.  పిచ్చుక గైడుని పిలిచింది, పిలిచింది, గొంతు చీరుకుపోయింది. అప్పుడు వినిపించింది ఈల. చాలా దూరంనుంచి, పొగలో నాని, పొడుగ్గా. ఒక్కసారి.

ఒకటి ఆగడానికి. అది ఆమెకు తెలుసు. ఇంకోటి వినిపిస్తుందేమోనని ఊపిరి బిగబట్టింది. వినిపించలేదు.

"రెండుసార్లు ఊదింది వదినా. రమ్మంటోంది. నేను వెళ్ళి మనిషిని తీసుకొస్తా. నువ్విక్కడే ఉండు, ఇప్పుడే వచ్చేస్తా" అంది.

ఇక్కడే ఉండకపోతే ఆమె ఎక్కడికి పోతుంది. ఆ మాట ఎంత అసహ్యంగా ఉందో పిచ్చుకకు అప్పుడే తెలిసింది. అయినా కాళ్ళు ఆగలేదు. వదిన ఆమె మొహంకేసి ఒక్క క్షణం చూసి, "వెళ్ళు, వెళ్ళు. నీళ్ళ వాలున వెళ్ళు, నడక తేలిక" అంది.

పిచ్చుక వెళ్ళింది. ముందు నడిచింది, తర్వాత పరిగెత్తింది. నీళ్ళు పిక్కలను వెనకనుంచి నెడుతుంటే, ఈల ఎటునుంచి వచ్చిందో కూడా మర్చిపోయి, ఆ నెట్టిన వైపే పోయింది. మనసులో వదిన లేదు. గైడూ లేదు. పొడినేల ఒక్కటే ఉంది. రెండు వందల అడుగులు వేసిందో, మూడు వందలో. ఎక్కడో రేకు కర్రకు కొట్టుకుంటున్నట్టు టంగు టంగుమని వినిపించింది. అటు తిరిగింది. పొగలోంచి నాలుగు లావుపాటి స్తంభాలు నల్లగా బయటపడ్డాయి. దారిలో చిక్కుకున్నవాళ్ళ కోసం కట్టిన ఎత్తైన మంచె అది. వదులైన హెచ్చరిక రేకొకటి నీళ్ళ తాకిడికి స్తంభాన్ని కొడుతోంది. నిచ్చెన ఉంది. పైన ఎవరూ లేరు.

మూడు మెట్లెక్కి, మెట్టుకు మొహం ఆనించి, బతికాను అనుకుంది. ఒంట్లో ప్రతి ముక్కా ఆ మాటే అంది. అప్పుడు వెనక్కి తిరిగి చూసింది. చూడ్డానికేం లేదు, తెలుపు తప్ప.

"వదినా."

జవాబు లేదు.

"వదినా, మంచె దొరికింది. పలుకు. ఒక్కసారి పలుకు వదినా."

రేకు టంగుమంది. అంతే. ఇంత దగ్గరలో ఉన్న మనిషి పలకలేదంటే ఇక పలకలేదనే అర్థం. పిచ్చుక చేతులు మెట్టుకు అతుక్కుపోయాయి. ఎవరూ తప్పుపట్టరు. పెద్ద వయసు, మోకాలు నొప్పి, బురద. ఒక్కదాన్ని ఏం చెయ్యగలను. అన్నయ్యకు ఎలా చెప్పాలో మాటలు వాటంతటవే కూడుకుంటున్నాయి. రెండుసార్లు ఈల వినిపించింది అన్నయ్యా, సాయం కోసం వెళ్ళాను, తిరిగొచ్చేసరికి... అక్కడ ఆగింది. తిరిగి వెళ్ళలేదు కదా. వెళ్ళకుండానే తిరిగొచ్చేసరికి అంటోంది. మనిషి ఇంకా పోయిందో లేదో తెలియకముందే తాను అబద్ధం కుట్టుకుంటోంది.

కిందికి దిగింది. ధైర్యం వచ్చి కాదు. భయం అలాగే ఉంది, పళ్ళు టకటక కొట్టుకుంటూనే ఉన్నాయి. మంచెమీద ఉండడం అంతకంటే భయంగా ఉంది, అంతే.

నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి. వచ్చేటప్పుడు వెనకనుంచి నెట్టాయి కాబట్టి ఇప్పుడు ఎదురు తగలాలి. తొడలకు నీటి బరువు సూటిగా తగిలేలా నడిచింది. పక్కకు తగిలితే ఆగి సరిచేసుకుంది. అడుగులు లెక్కపెట్టింది. వందైంది. నూట యాభై అయింది. పిలుస్తూనే ఉంది, పలుకు లేదు. రెండు వందలయ్యాక ఇక లెక్క నోట్లో తిరగలేదు. ఇంకా ముందుకు పోతే మంచె కూడా దొరకదేమో. రేకు చప్పుడు సన్నబడిపోయింది.

అప్పుడు దగ్గు వినిపించింది. ఎడమవైపు, దగ్గర్లోనే. నోరు చేత్తో మూసుకుని దగ్గిన దగ్గు. ఇరవై ఆరేళ్ళ పిండి దగ్గు.

వదిన నడుముదాకా నీళ్ళలో, ఒక పక్కకు ఒరిగి, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. పిచ్చుకను చూడగానే ఆమె మొహంలో వచ్చింది సంతోషం కాదు, కోపం.

"ఎందుకొచ్చావే? బుద్ధుందా నీకు? పో."

  పిచ్చుక వంగి, గడ్డందాకా నీళ్ళలో మునిగి, వదిన కాలివెంట చెయ్యి కిందికి పోనిచ్చింది. బురద కాలిని పట్టుకున్న తీరు చేతికి తగలగానే తెలిసిన పనిలా అనిపించింది. ల్యాబులో పళ్ళ అచ్చులో పోసిన ప్లాస్టరు బిగుసుకున్నప్పుడు నేరుగా లాగితే రాదు, పన్నయినా విరుగుతుంది. అంచున వేలు దూర్చి, లోపలికి గాలి పోనిస్తే అదే వదులుతుంది. ఇక్కడ గాలి లేదు, నీళ్ళున్నాయి. నీళ్ళయినా చాలు.

"పైకి లాగకు వదినా. పాదం అటూ ఇటూ ఊపు, కొంచెం కొంచెంగా. నేను పక్కన సందు చేస్తా."

వేళ్ళు పిక్క పక్కనుంచి దూర్చి బురదను చీల్చింది. చల్లటి నీళ్ళు ఆ సందులోకి దిగాయి. మళ్ళీ మూసుకుంది. మళ్ళీ చీల్చింది. గోళ్ళు విరిగాయి. ఒకసారి ఉప్పునీళ్ళు మింగింది, ఒకసారి తలే మునిగి కళ్ళముందు నల్లటి చుక్కలు తిరిగాయి. నీళ్ళు పక్కటెముకలదాకా వచ్చేసరికి మడమ దగ్గర ఏదో పెద్దగా గుటక వేసినట్టయింది. కాలు వచ్చేసింది.

మంచెదాకా నడక వాళ్ళిద్దరికీ తర్వాత సరిగా గుర్తులేదు. నీళ్ళు నెట్టిన వైపు పోయారు, చెవులు రిక్కించి రేకు చప్పుడు వెతుక్కున్నారు. ఒకచోట నేల తగల్లేదు. పిచ్చుకకు ఈత రాదు. వదిన ఆమె జుట్టు పిడికిట పట్టుకుని లాక్కుపోయింది. నిచ్చెన మెట్లు వదినను ఎక్కించడానికి కిందనుంచి భుజం పెట్టి తోసింది పిచ్చుక. పైకి చేరాక ఇద్దరూ తడిచెక్కల మీద వెల్లకిలా పడిపోయారు. కింద నీళ్ళు స్తంభాల మధ్య సుడులు తిరుగుతున్నాయి.

చాలాసేపటికి పిచ్చుక అంది, "ఈల ఒక్కసారే ఊదింది వదినా."

"తెలుసు. నాకు చెవుడు లేదుగా."

"తెలిసీ వెళ్ళమన్నావా?"

"నీ మొహం చూశాక ఏం చెప్పమంటావు? ఉండమంటే ఉండేదానివి. ఉండి నాతోపాటు పోయేదానివి." వదిన పైకి చూస్తూ మాట్లాడుతోంది. "నువ్వు పిలిచావు చూడు, అన్నిసార్లూ విన్నాను. నోరు గట్టిగా మూసుకున్నా. నేనేదో గొప్పదాన్నని కాదు. పలికితే 'రావే, నాకు భయంగా ఉంది' అనేస్తానని."

పిచ్చుక ఆమె పక్కకు జరిగింది. ఇద్దరూ వణుకుతున్నారు. ఒకరి వణుకు ఒకరికి తగిలి ఎవరిదెంతో తెలియకుండా పోయింది.

రెండు గంటల తర్వాత పొగ పలచబడింది. పడవ చప్పుడు వినిపించింది. అందులో ముందు గైడు, ఆమె కాళ్ళదగ్గర కాలికి కట్టుతో కెమెరా ఆయన. కొంగల వెనకాల పోయి కాలవ గట్టున మడమ బెణికించుకున్నాడట. అతన్ని మోసుకుంటూ ఆమె దారి తప్పి, వైర్‌లెస్‌లో పడవను పిలిచి, అది పొగలో వీళ్ళను వెతుక్కుంటూ వచ్చేసరికి ఇంతసేపైంది. మంచెమీద ఇద్దరిని చూసి గైడు ఏడ్చేసింది.

ఒడ్డున ఆఫీసు గదిలో తువ్వాళ్ళిచ్చారు, వేడివేడిగా తాగడానికి ఏదో ఇచ్చారు. సంస్థ పెద్ద ఒకాయన ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. గైడు తలుపు దగ్గర గోడకానుకుని నిలబడింది.

"కదలొద్దని మీకు చెప్పానంటోంది గైడు. మరి మీరెందుకు కదిలారు? ఈల ఎన్నిసార్లు వినిపించింది?" అని అడిగాడు.

"రెండు" అంది వదిన, పిచ్చుక నోరు తెరవకముందే. తువ్వాలులోంచి చెయ్యి చాపి ఆమె మణికట్టు నొక్కింది.

గైడు మొహం పాలిపోయింది.  పొగలో తానే పొరపాటున రెండు ఊదానేమోనని ఆమెకే అనుమానం వచ్చినట్టుంది. ఆయన కలం కాగితం మీద ఆనించాడు.

పిచ్చుకకు మళ్ళీ భయమేసింది. నీళ్ళలో పడ్డ భయం కాదిది, దానికంటే చిన్నది, సిగ్గు కలిసినది. వదిన ఇచ్చిన ఆ మాట కింద తలదాచుకుంటే ఇక జీవితాంతం ఎవరూ ఏమీ అడగరు.

"ఒకటే" అంది. ఆయన తల ఎత్తాడు. మళ్ళీ చెప్పింది. "ఒకటే ఊదింది సార్, పొడుగ్గా. నేను విన్నాను. అర్థం కూడా తెలుసు. భయమేసి పారిపోయాను. ఆవిడను వదిలేసి."

 ఆయన అదే రాసుకున్నాడు. ఎక్కడ సంతకం పెట్టాలో చూపించాడు.

ఇంటికి తిరిగొచ్చే బస్సులో వదిన ఆమెతో మాట్లాడలేదు. కోపమో, అలసటో తెలియలేదు. దిగబోయేముందు మాత్రం, "మీ అన్నయ్యకు ఆ ముక్క చెప్పకు. ఆయనకు అర్థం కాదు. నిన్ను చూసే చూపు మారిపోతుంది" అంది.

పిచ్చుక చెప్పింది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి, అన్నయ్య ఎదురుగా కూర్చుని అంతా చెప్పింది. ఆయన చాలాసేపు బల్లమీది పేపరు అంచు మడుస్తూ కూర్చున్నాడు. "తిరిగెళ్ళావుగా" అన్నాడు చివరికి. ఆ తర్వాత ఆమెను చాలాకాలం పిచ్చుకా అని పిలవలేదు. అసలు ఎలా పిలవాలో తెలియనట్టు, పేరు లేకుండానే మాట్లాడేవాడు. వదిన చెప్పిందీ నిజమే, చూపు మారింది.

ఆ ఏడాది మళ్ళీ ఎక్కడికీ వెళ్ళలేదు వాళ్ళు. వదిన స్నానాలగదిలో గచ్చు తడిగా ఉంటే గోడ పట్టుకుని నడిచేది. పిచ్చుకకు ల్యాబులో సింకు నిండుతున్న చప్పుడు వినపడితే చేతిలో పని ఆగిపోయేది. ఎవరైనా కుళాయి కట్టేదాకా వేళ్ళు కదిలేవి కావు. కింద పనిచేసేవాళ్ళకు అది తెలిసి, వాళ్ళే వచ్చి కట్టేసేవారు. ఎందుకని మాత్రం అడగలేదు.